నాలుగు క్యాన్సర్లు.. ఒక్కటే బలహీనత

క్యాన్సర్ అనంగనే మనం అడిగే మొదటి మాట ‘యాడ వచ్చింది?’ అని. రొమ్ముకా, అండాశయానికా, ప్రోస్టేట్‌కా? ఆ మాట ముఖ్యమే. కానీ ఇప్పుడు డాక్టర్లు ఇంకోటి గూడ చూస్తున్నరు. ఆ గడ్డల ఏ జీన్ చెడిపోయిందని.

2012ల అమెరికా శాస్త్రవేత్తలు వందల రొమ్ము గడ్డల జీన్లు పరిశీలించిన్రు. ట్రిపుల్ నెగెటివ్ రకం ఎక్కువగా ఉండే గుంపుకు, మొండి అండాశయ క్యాన్సర్‌కు మస్తు పోలికలు కనవడ్డయ్. కొందరిల రెండింటికీ మూలం బీఆర్‌సీఏ జీన్లు చెడిపోవుడే.

ఈ జీన్ల పనేంది? తెగిన డీఎన్ఏను సరిగ్గ అతికించుడు. అవి చెడితే క్యాన్సర్ పుట్టే ముప్పు పెరుగుతది. అయితే అండ్లనే గడ్డకు ఒక బలహీనత గూడ ఉన్నది. ఒక రిపేరు దారి ముందే బంద్ అయింది కాబట్టి, పార్ప్ అనే ఎంజైమ్‌ను మందుతోని ఆపితే ఆ కణం తట్టుకోలేక చస్తది. మంచి కణానికి మొదటి దారి ఉంటది కాబట్టి చాలావరకు బతుకుతది. ఈ సంగతి 2005ల ఇంగ్లండ్ ల్యాబుల్ల తేలింది. గా లెక్కతోని వచ్చిన మందే ఒలాపరిబ్. అమెరికాల దానికి 2014ల అండాశయం, 2018ల రొమ్ము, 2019ల పాంక్రియాస్, 2020ల ప్రోస్టేట్ క్యాన్సర్లకు అనుమతి దొరికింది.

ఇది అందరికీ పనిజెయ్యదు. పనిజేసినా కొందరిల కొన్నాళ్లకు గడ్డ మందుకు అలవాటు పడుతది. ఎవరికి పనికొస్తదో ముందుగాల చెప్పేది జీన్ టెస్టే.

మన దగ్గర కథ ఈడనే ఆగుతున్నది. పాశ్చాత్య దేశాల కంటే మన దేశంల ట్రిపుల్ నెగెటివ్ వాటా ఎక్కువ. 2023 డిసెంబర్‌ల తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచిన్రు, మంచిదే. కానీ పరిమితి ఎంతున్నా, టెస్టే రాయకపోతే సరైన మందు దాక పోయేదెట్ల? జిల్లా దవాఖానల్ల సుత శాంపిల్ తీసుకునే ఏర్పాటు సర్కారు చెయ్యాలె.

ఊర్లె అమ్మను దవాఖానకు తీస్కపోయేది, ఫైలు పట్టుకునేది మీరే. రొమ్ము రిపోర్టుల ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్ ఉన్నా, అండాశయం, పాంక్రియాస్ క్యాన్సర్ అన్నా ‘సార్, బీఆర్‌సీఏ టెస్ట్ చెయ్యాల్నా?’ అని అడగున్రి. ఈ లోపం అమ్మ నుంచే కాదు, నాయన నుంచి గూడ పిల్లలకు రావచ్చు. ఒక్కొక్కరికి సగం అవకాశం. అంటే ఆ టెస్ట్ మీ అక్కచెల్లెండ్లకు, అన్నదమ్ములకు గూడ అక్కరకొస్తది.