జంట కృతి – విడి కృతి

నూజివీడు పేరు వినగానే తెలుగువారికి రెండు మాధుర్యాలు గుర్తుకు వస్తాయి. ఒకటి చిన్నరసాల మాధుర్యం. రెండవది పనసకొయ్యతో మలచిన వీణల నాదమాధుర్యం. ఆ ప్రాంతపు మామిడి తోటలలో అంటు మొక్కలు నాటడం పరిపాటి. టెంక నుండి మొలిచిన మొక్క ఒకటి, మేలురకపు చెట్టు నుండి తెచ్చిన కొమ్మ మరొకటి. రెండింటినీ చెక్కి, కోతకు కోత ఆనించి కట్టితే కొంతకాలానికి అవి ఒకే మొక్క అవుతాయి. ఆ చెట్టుకు కాసిన పండును కొమ్మ జాతిని బట్టే పిలుస్తారు. నేలలోని నీటిని, సారాన్ని అందించిన వేరు ఏ చెట్టుదని ఎవరూ అడగరు. అడగనంత మాత్రాన వేరుకు పాత్ర లేదని ఏ రైతూ అనడు.

కళారంగంలో మాత్రం ఇంతటి వివేకం అన్నివేళలా కనిపించదు. ఇద్దరో నలుగురో కలిసి కొంతకాలం సృష్టి చేసి, తరువాత విడిపోయి ఎవరి దారిన వారు కృషి చేసినప్పుడు, లోకం వెంటనే తక్కెడ చేతబడుతుంది. విడిగా చేసిన రచనలను తూచి, “అసలు ప్రతిభ ఫలానావారిదే, రెండవవారు పేరుకు మాత్రమే ఉన్నారు” అని తీర్పు చెబుతుంది. ఈ తీర్పు తొందరపాటుతో కూడినది మాత్రమే కాదు, అన్యాయమైనది కూడా. విడి కృతులు కళాకారుల స్వభావాలను తెలుపుతాయే కాని, జంట కృతిలో ఎవరి వాటా ఎంతో నిర్ణయించే కొలమానాలు కాజాలవు.

తెలుగు సాహిత్యానికి జంట రచన కొత్త కాదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులై అవధానవిద్యను ఊరూరా వెలిగించారు. తిరుపతి శాస్త్రి మరణించిన పిమ్మట కూడా చెళ్లపిళ్లవారు తమ రచనలను జంట పేరుతోనే ప్రకటించారు. ఆయన దృష్టిలో ఆ పేరు ఇద్దరు వ్యక్తుల మొత్తం కాదు. ఇద్దరి సాహచర్యం వల్ల ఏర్పడిన మూడవ వ్యక్తిత్వం. ఆయన శిష్యులైన పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు పింగళి–కాటూరి కవులై ‘సౌందరనందము’ను రచించారు. విడిగా లక్ష్మీకాంతంగారు విమర్శకులుగా, ఆచార్యులుగా రాణించారు. కాటూరివారు ‘పౌలస్త్యహృదయము’ వంటి ఖండకావ్యం రచించి, ‘కృష్ణా పత్రిక’కు సంపాదకులయ్యారు. ఈ విడి కృషిని చూసి, సౌందరనందములోని బిగువు విమర్శకునిదని, ఆర్ద్రత ఖండకావ్య కవిదని పంచిపెట్టడం సులభమే. కాని విమర్శకునికి ఆర్ద్రత ఉండదని, కవికి బిగువు తెలియదని ఎవరు చెప్పగలరు?

చలనచిత్ర సంగీతంలో ఈ ప్రశ్న మరింత తీవ్రరూపం దాల్చింది. ‘శ్రీకృష్ణ పాండవీయం’ వంటి చిత్రాలకు స్వరాలు కూర్చిన టి.వి. రాజు కుమారుడు రాజ్. ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’ చిత్రాల సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి. ఇరువురూ సంగీత దర్శకుడు చక్రవర్తి వద్ద పనిచేసి, 1983లో ‘ప్రళయ గర్జన’తో రాజ్–కోటి అన్న జంట పేరుతో వెలువడ్డారు. పదేళ్లకు పైగా ‘యముడికి మొగుడు’, ‘ముఠామేస్త్రి’, ‘హలో బ్రదర్’ మొదలైన చిత్రాల పాటలు ఆ జంట పేరుతో ఇంటింటా మ్రోగాయి. అనంతర కాలంలో విశ్వవిఖ్యాతుడైన ఎ.ఆర్. రెహమాన్ తొలినాళ్లలో వారి వద్ద కీబోర్డు వాయించినవారే.

1990ల మధ్యలో వారు విడిపోయారు. రాజ్ 1995లో ‘సిసింద్రీ’ చిత్రానికి చక్కని పాటలు కూర్చారు గాని, ఆ తరువాత ఆయన చేసిన చిత్రాల సంఖ్య తక్కువ. కోటి ‘పెదరాయుడు’, ‘నువ్వే కావాలి’, ‘నువ్వు నాకు నచ్చావ్’ వంటి విజయవంతమైన చిత్రాలతో సుదీర్ఘకాలం కొనసాగారు. 2023 మే నెలలో రాజ్ కన్నుమూశారు. ఈ సంఖ్యలను పక్కపక్కన పెట్టి, జంటలో బలం ఎటువైపు ఉన్నదో తేలిపోయిందని భావించేవారున్నారు. అయితే చిత్రాల సంఖ్య కొలిచేది దేనిని? అవకాశాలు వెతుక్కునే నేర్పును, నిర్మాతలతో పరిచయాన్ని, చిత్రాల జయాపజయాలను, ఆరోగ్యాన్ని, అదృష్టాన్ని కూడా అది కొలుస్తుంది. ఒకనాడు ఒక గదిలో ఇద్దరు కూర్చుని ఒక పల్లవిని తీర్చిదిద్దినప్పుడు ఎవరి చెవి ఏ స్వరాన్ని ఆపిందో, ఎవరి మాట ఏ వరుసను మార్చిందో ఆ సంఖ్య చెప్పలేదు. కోటి సాధించిన విజయాలు ఆయన ప్రతిభకు నిదర్శనాలు. అవి రాజ్ ప్రతిభాలేమికి సాక్ష్యాలు కావు.

పాశ్చాత్య దేశాలలో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ బీటిల్స్ బృందం. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీలలో ఎవరు రాసిన పాటనైనా ఇద్దరి పేరుతో ప్రకటించడం వారి ఒప్పందం. 1965 నాటి ‘యెస్టర్‌డే’ పాల్ ఒక్కడి రచన. అందులో మిగిలిన ముగ్గురి వాద్యమూ లేదు. 1967 నాటి ‘ఎ డే ఇన్ ది లైఫ్’లో జాన్ రాసిన చరణాల నడుమ పాల్ రాసిన భాగాన్ని అచ్చంగా అంటు కట్టారు. ఒకే పేరు వెనుక ఇంత వైవిధ్యం ఉన్నది. 1970లో బృందం విడిపోయిన ఏడాదే ముగ్గురి విడి ఆల్బమ్‌లు వెలువడ్డాయి. పాల్ తన ఆల్బమ్‌లో దాదాపు అన్ని వాద్యాలనూ తానే వాయించాడు. జాన్ అలంకారాలన్నీ వదిలి, తన వేదనను నిరాడంబరంగా వినిపించాడు. రవిశంకర్ వద్ద సితార్ అభ్యసించిన జార్జ్ హారిసన్ ఏకంగా మూడు రికార్డుల సంపుటిని వెలువరించాడు.

ఈ మూడింటినీ 1969 నాటి ‘అబీ రోడ్’ ఆల్బమ్‌తో పోల్చి విన్నవారికి రెండు సత్యాలు గోచరిస్తాయి. బృందంలో ఒకరి మాధుర్యాన్ని మరొకరి కరకుదనం అదుపు చేసింది. విడిపోయాక ఆ అడ్డు తొలగింది. అది స్వేచ్ఛ, నష్టం కూడా. ఇక రెండవది, బృందం అందరికీ సమానంగా చోటివ్వలేదు. జార్జ్ విడి సంపుటికి పేరైన ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ పాటను 1969 ఆరంభంలో బృందం సాధన చేసి కూడా తన ఆల్బమ్‌లలో చేర్చలేదు. కనుక కలయిక ఎల్లప్పుడూ శ్రేష్ఠమని, విడిపోవడం ఎల్లప్పుడూ పతనమని చెప్పడం కూడా సరికాదు. నాలుగవవాడైన రింగో స్టార్ జాన్ ఆల్బమ్‌కూ, జార్జ్ సంపుటికీ డ్రమ్స్ వాయించాడన్నది మరువరాని విషయం. విడి కృతి అనుకున్నదానిలో సైతం సహచరుని చేయి ఉండనే ఉన్నది.

“అయితే ఎవరి శ్రమ ఎంతో తెలుసుకోనక్కర లేదా? జంట పేరు చాటున ఒకరి కష్టాన్ని మరొకరు అనుభవిస్తే అది న్యాయమా?” అని ప్రశ్నించేవారుండవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. ఆధారం ఉన్నచోట ఎవరి పేరు వారికి దక్కవలసిందే. కళాకారులే చెప్పిన మాటలు, రికార్డుల మీది పేర్లు, చేతివ్రాతలు అందుకు ఆధారాలు. వాద్యకారుల పేర్లను, సహాయకుల పేర్లను ప్రకటించే సంప్రదాయం ఇంకా బలపడాలి. ఆధారం లేనిచోట మాత్రం తదనంతర జయాపజయాలను ఆధారంగా చూపరాదు. గెలిచినవానికి గతాన్ని కూడా కట్టబెట్టడం, వెనుకబడినవాని నుండి గతాన్ని కూడా లాగివేయడం న్యాయం అనిపించుకోదు.

జంట కృతిని, విడి కృతిని సరిపోల్చడం మంచి అభ్యాసమే. సరియైన ప్రశ్నలతో పోల్చాలి. “ఎవరు గొప్ప?” అన్న ప్రశ్నకు మారుగా, “కలిసినప్పుడు వినిపించి, విడిపోయాక వినిపించనిది ఏది? విడిపోయాక కొత్తగా వినవచ్చినది ఏది? అది అంతకుముందు ఎందుకు వినిపించలేదు?” అని అడగాలి. ఈ ప్రశ్నలు శ్రోతను న్యాయాధిపతి పీఠం నుండి దించి రసజ్ఞుని పక్కన కూర్చోబెడతాయి. తరగతిలో నలుగురు కలిసి ఒక పని చేసి, ఒక్కరికే మెప్పు దక్కినప్పుడు మిగిలిన ముగ్గురి మనసు ఎంత నొచ్చుకుంటుందో విద్యార్థులకు తెలియనిది కాదు. ఆ తెలివిడినే కళాస్వాదనకూ అన్వయించుకుంటే, పాట పక్కన అచ్చయిన రెండు పేర్లనూ సమానమైన గౌరవంతో చదవడం అలవడుతుంది.