ముందు ఎక్కించి తరువాత దిద్దుకొనుట యెట్లు?

"ముందు ఎక్కించేద్దాం, తప్పులుంటే తరువాత ఎవరో ఒకరు దిద్దుతారు." వికీడేటాలో తెలుగు సమాచారం చేర్చే ఉత్సాహవంతుల నోట తరచు వింటున్న మాట ఇది. ఈ మాట తప్పు. తెలుగు వాఙ్మయానికి అపకారం కూడ. ఇది పలువురికి రుచించదని ఎరుగుదును. వారు శ్రమజీవులు, పైసా ప్రతిఫలం ఆశించకుండ రాత్రింబగళ్ళు పనిచేస్తున్నవారు. శ్రమ మీద నాకు గౌరవమే గాని, ఈ సిద్ధాంతం మీద లేదు.

వికీడేటా 2012 అక్టోబరు 29న మొదలైంది. వికీపీడియా వలె ఇందులో వ్యాసాలుండవు. లోకంలోని ప్రతి వ్యక్తికీ, ఊరికీ, గ్రంథానికీ, భావానికీ ఇక్కడ ఒక 'అంశం', దానికొక సంఖ్య. మనిషి అనే భావానికి క్యూ 5. మన తెలుగు భాషకు క్యూ 8097. ఆ అంశానికి ప్రతి భాషలోను ఒక లేబులు, ఒక చిన్న వివరణ, ఉంటే కొన్ని మారుపేర్లు. వాటి కింద ప్రాపర్టీలు, వాటి విలువలు: 'రచయిత' అనే ప్రాపర్టీకి ఫలానా కవి, 'జన్మస్థలం' అనేదానికి ఫలానా ఊరు. ప్రతి విలువకూ కాలాది విశేషణాలు తగిలించవచ్చు, ఆధారం చూపవచ్చు. ఇటువంటి అంశాలు 10 కోట్లు దాటాయి. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా మార్చవచ్చు, ఎవరైనా ఏ అనుమతీ లేకుండ తీసికొని వాడుకోవచ్చు.

తర్కశాస్త్రం కాస్త చదివినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. నైయాయికులు ఉద్దేశము, లక్షణము, పరీక్ష అని మూడు మెట్లు చెప్పారు. వస్తువును పేరుపెట్టి నిర్దేశించుట ఉద్దేశం. తక్కినవాటినుండి దానిని వేరుచేసే ధర్మం చెప్పుట లక్షణం. చెప్పినది నిలుచునా అని చూచుట పరీక్ష. వికీడేటాలోని లేబులు, వివరణ, ఆధారం ఇవే. మన యువకులు మొదటి మెట్టు మీద నిలబడి, రెండవదానిని యంత్రానువాదానికి అప్పగించి, మూడవదానిని పూర్తిగ మరచి, మేడ ఎక్కామంటున్నారు.

ఒక్క ఉదాహరణ విస్తరించి చెబుతాను. 'కన్యాశుల్కం' అని లేబులు పెట్టి ఒక అంశం సృష్టించారనుకోండి. ఏమిటది? పిల్లనిచ్చేందుకు డబ్బు పుచ్చుకునే దురాచారమా? గురజాడ అప్పారావుగారి నాటకమా? 1955లో పి.పుల్లయ్యగారి దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రమా? ఈ మూటికీ తెలుగులో పేరొక్కటే. అమరకోశంలో నానార్థవర్గం ఎందుకుందో ఎరిగినవారికి ఇక్కడ చేయవలసినది తెలుసు. వివరణలే వీటిని విడదీయాలి: 'వధువు తండ్రికి వరుడు సొమ్ము చెల్లించే ఆచారం', 'గురజాడ అప్పారావు రచించిన తెలుగు నాటకం', '1955 నాటి తెలుగు చలనచిత్రం'. ఒకే భాషలో లేబులూ వివరణా రెండూ సరిసమానంగా ఉన్న రెండు అంశాలను యంత్రం ఒప్పుకోదు. అది మంచి కాపలాయే. కాని వివరణను ఖాళీగా వదిలితే ఆ కాపలా పనిచేయదు. తొందరపాటువారు ఖాళీగానే వదులుతారు.

పోనీ, నాటకమనే తేల్చాం. ప్రచురణ సంవత్సరం ఏమి వేస్తారు? ఆ నాటకం 1892లో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండవ కూర్పు మొదటిదానికి మరుముద్రణ కాదు. గురజాడవారు నాటకాన్నెంతో పెంచి, తిరగరాశారు. మనం నేడు చదివి, నవ్వి, కంట తడిపెట్టే మధురవాణి ఆ రెండవ కూర్పు మధురవాణి. వికీడేటాలో ఇందుకు చక్కని ఏర్పాటుంది. 'రచన' ఒక అంశం, దాని ఒక్కొక్క 'కూర్పు' ఒక్కొక్క అంశం. కూర్పునుండి రచనకు, రచననుండి కూర్పుకు లంకెలు. 1897 ఒక కూర్పుకు చెందుతుంది, 1909 ఇంకొకదానికి. ఈ విడదీత చేయకుండ ఒకే అంశంలో రెండు సంవత్సరాలూ, ఎవరి వద్దనున్న పుస్తకం పుటల సంఖ్య వారు, ఏదో ఇటీవలి ప్రచురణకర్త పేరూ కలగలిపి కుమ్మరిస్తే ఏమవుతుంది? '1900కు పూర్వం అచ్చయిన తెలుగు నాటకాలేవి' అని అడిగినవానికి కన్యాశుల్కం పేరుతో ఇటీవలి ప్రచురణ వివరాలు ఎదురవుతాయి. పరిశోధక విద్యార్థి దానినే నమ్మి రాసుకుంటాడు.

"తరువాత దిద్దుకోవచ్చు గదా" అంటారు. ఇక్కడే వారి వాదంలోని అసలు లోపముంది. ఒకే వస్తువుకు పొరపాటున రెండు అంశాలు పుడితే వాటిని విలీనం చేయడం సులభం. ఒకటి రెండవదానికి దారిమార్పుగా మిగులుతుంది, అంతే. రెండు వస్తువులు ఒకే అంశంలో కలిసిపోతే విడదీయడం మహాకష్టం. ప్రతి విలువనూ పట్టి 'నీవు ఎవరివి' అని అడగాలి. ఆ అంశాన్ని చూపుతున్న ఇతర అంశాలన్నిటినీ వెదకి, అవి దేనిని ఉద్దేశించాయో తేల్చాలి. ఈలోపు పలు భాషల వికీపీడియాల సమాచారపెట్టెలలోకి, శోధనయంత్రాలలోకి, మాట్లాడే యంత్రాలలోకి ఆ కలగాపులగం పాకిపోయి ఉంటుంది. అనుమతి అవసరం లేని సరుకు గనుక తీసికొనిపోయినవాడు ఎక్కడనుండి తెచ్చాడో చెప్పనక్కరలేదు. ఇక్కడ మీరు దిద్దినా, అక్కడ దిద్దేదెవరు?

లేబుళ్ళ సంగతి చూడండి. ఆంగ్ల లేబులును యంత్రం చేత తెలుగు లిపిలోకి మార్పించి వేలకొలది చేరుస్తున్నారు. రోమను లిపికి మన హ్రస్వదీర్ఘాలు లేవు, డకార దకారాల భేదం లేదు, లకార ళకారాల భేదం లేదు. కొడాలి అనే ఇంటిపేరూ కోడలి అనే చుట్టరికమూ ఆ లిపిలో ఒకే రూపం. ముప్పయి యేండ్లకు పైగా పిల్లలచేత గుణింతాలు దిద్దించినవాణ్ణి. ఒక వంశం పేరును కోడలిగా మార్చే యంత్రానికి ఏ మార్కులు వేయాలో నాకు తెలుసు. యంత్రం సంగతి వదలండి. ఆ జాబితాను ఒక్కసారి కంటితో చదివి చూడని మనిషిని ఏమనాలి?

వివరణలలో 'తెలుగు రచయిత' అనే రెండు మాటలు మరొక వ్యాధి. ఇది అతివ్యాప్తి. వేలమందికి వర్తించేది ఎవరికీ లక్షణం కాదు. రచయిత్రిని సైతం అదే అచ్చులో పోయడం అదనపు అందం! 'కథారచయిత్రి, ఫలానా పత్రిక సంపాదకురాలు' అని రాయడానికి పట్టే కాలం అర నిమిషం. ఆమె ఎవరో తెలిసికొనడానికి పట్టే కాలం మాత్రం ఎక్కువ. అసలు పని అదే.

ఇక ఆధారాలు. విలువ కింద 'తెలుగు వికీపీడియానుండి దిగుమతి' అని రాసి, అది ఆధారమని తృప్తిపడుతున్నారు. ఆ వికీపీడియా వ్యాసంలోని సమాచారపెట్టె ఎక్కడనుండి తెచ్చుకుంటోంది? కొన్ని చోట్ల ఈ వికీడేటానుండే! దీనికి మన శాస్త్రంలో అన్యోన్యాశ్రయమని పేరు. ఇద్దరు ఋణగ్రస్తులు ఒకరికొకరు హామీ ఉన్నట్లు. పుస్తకం పేరు, కూర్పు, పుట సంఖ్య ఇవ్వడానికి అక్కడ గళ్ళున్నాయి. ఖాళీగా ఉన్నవి ఆ గళ్ళే.

పోతన జన్మస్థలం విషయం తలచుకొంటే ఆధారమెంత ముఖ్యమో తెలుస్తుంది. ఓరుగంటి సీమలోని బమ్మెర అని ఒక పక్షం, కడప మండలంలోని ఒంటిమిట్ట అని ఇంకొక పక్షం దశాబ్దాలుగ వాదులాడుకున్నారు. కాగితం మీద రాసే చరిత్రకారుడు ఒక పక్షం వహించక తప్పదు. వికీడేటాలో తప్పవచ్చు. రెండు విలువలూ చేర్చి, ప్రతిదాని కింద దానిని చెప్పిన గ్రంథాన్ని చూపవచ్చు. పండితులలో ఎక్కువమంది అంగీకరించినదానికి ప్రాధాన్యమివ్వవచ్చు. ఖండితమైనదానిని తుడిచివేయకుండ ఖండితమని గుర్తువేసి నిలుపవచ్చు. ఇంతటి సౌకర్యం మన సాహిత్య చరిత్రలకు ఎన్నడైనా ఉన్నదా? దానిని వదలి, ఒకరు రాసినది ఇంకొకరు చెరిపి, మరునాడు మొదటివారు మళ్ళీ చెరిపి ఆడే ఆటకు వికీడేటా ఎందుకు, బడిలోని నల్లబల్ల చాలదా? అన్నట్లు, నన్నయకు పుట్టిన సంవత్సరం వేయాలని తంటాలు పడేవారికొక మాట: ఆయన రాజరాజనరేంద్రుని కాలంవాడు, 11వ శతాబ్ది అని వేయడానికి అక్కడ వీలుంది. లేని కచ్చితత్వాన్ని కల్పించనక్కరలేదు.

ఊళ్ళకు సంబంధించి నాకున్న ఫిర్యాదు ఇంతకన్న చిన్నది గాని, ఒళ్ళు మండించేది. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ యేడు ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. జిల్లా మారినప్పుడల్లా పాతదానిని చెరిపి కొత్తది రాస్తే, ఆ ఊరు పుట్టినప్పటినుండి కొత్తగూడెం జిల్లాలోనే ఉన్నట్లు తేలుతుంది. చెరపకూడదు, పాత జిల్లాకు 'ముగిసిన కాలం', కొత్త జిల్లాకు 'మొదలైన కాలం' అనే విశేషణాలు తగిలించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఎన్ని వేల ఊళ్ళకు ఈ ప్రశ్న వచ్చిందో ఊహించండి.

నాకు ఎదురయ్యే బలమైన వాదం ఒకటుంది, దానిని దాటవేయను. "మీరు చెప్పినట్లు ఒక్కొక్క అంశాన్ని పరీక్షించుకుంటూ కూర్చుంటే తెలుగు ఎప్పటికీ వెనుకబడే ఉంటుంది. సంఖ్య లేనిదే ఈ యుగంలో భాషకు ఉనికి లేదు." ఇందులో నిజమున్నది. జనగణనలోని గ్రామాల పట్టిక వంటిది, ప్రతి ఊరికీ అధికారికమైన సంకేతసంఖ్య ఉన్నది దొరికినప్పుడు, దానిని ఒక్కొక్కటిగా చేతితో ఎక్కించమనడం మూర్ఖత్వం. క్విక్‌స్టేట్‌మెంట్స్ వంటి పనిముట్లున్నది అందుకే. కాని కవికీ, గ్రంథానికీ, తాళపత్రప్రతికీ అటువంటి సంకేతసంఖ్య ఎక్కడిది? అక్కడ మనిషి కన్ను తప్పదు. ఇది నా చాదస్తం మాత్రమే కాదు. 2010లో గూగుల్ సంస్థ వశమైన ఫ్రీబేస్ అనే విజ్ఞానకోశం 2016లో మూతపడింది. అందులోని సమాచారాన్ని వికీడేటాకు ఇస్తామన్నప్పుడు మొత్తాన్నీ ఒక్కసారిగా కుమ్మరించుకోలేదు. ఒక్కొక్క విలువనూ మనిషి చూచి, ఒప్పుకొనుటయో తోసిపుచ్చుటయో చేయడానికి ప్రైమరీ సోర్సెస్ అనే పనిముట్టును తయారుచేశారు. గూగుల్ వారి సరుకునే గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగారు. మన పోటీలలో రోజుకు ఇన్ని వందలు చేర్చినవారికి బహుమతి అంటాం.

ఇంతవరకు యువకులను అన్నాను. ఇప్పుడు నా వయసువారి వంతు. భాషాప్రవీణులూ, సాహిత్యాచార్యులూ, సభలలో శాలువలు కప్పించుకునే పెద్దలూ ఈ పనిని గుమాస్తా పని అని చిన్నచూపు చూస్తున్నారు. పర్యాయపదాలూ నానార్థాలూ విడదీయడం గుమాస్తా పని అయితే అమరసింహుడు గుమాస్తా, బ్రౌను దొర గుమాస్తా. ఒక శతకం ఏ శతాబ్దిదో, ఒకే పేరుగల ఇద్దరు కవులలో ఏ కావ్యం ఎవరిదో తేల్చగలిగిన విద్య మన దగ్గరున్నది. దానిని నేర్వని పిల్లవాడు, మనం కూర్చోవలసిన చోట ఒంటరిగా కూర్చొని, తెలిసినంతలో ఏదో చేస్తున్నాడు. తప్పు రాశాడని వానిని పరిహసించే హక్కు కుర్చీలోనుంచి లేవనివారికి లేదు. 2018నుండి అక్కడ మాటలకు సైతం చోటిచ్చారు. తెలుగు పదానికి విభక్తిరూపాలు, అర్థభేదాలు నమోదు చేయవచ్చు. బాలవ్యాకరణం కంఠస్థం చేసినవారు ఇంకెక్కడికి పనికివస్తారు?

కంప్యూటరు భయం సాకుగా చెప్పకండి. మీ బీరువాలో పాత పుస్తకం ఒకటి తీయండి. ముందుగా ఆ పేరుతో అంశమున్నదేమో వెదకండి, మారుపేర్లతో, ఇంటిపేరు ముందూ వెనుకా పెట్టి రెండు విధాల వెదకండి. లేకుంటేనే కొత్తది తెరవండి. లేబులు పుస్తకం మీద ఉన్నట్లే రాయండి. కర్త ఎవరు, ఏ కూర్పు, ఏ సంవత్సరం, ఏ ఊళ్ళో అచ్చయింది, ఇవి చాలు. ముఖపత్రం ఊడిపోయి ఉంటే కంగారుపడకండి. చాలా పాత పుస్తకాలలో ముద్రాక్షరశాల పేరు చివరి పుట అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది, అక్కడ చూడండి.