దీపాల దుస్తుల్లో దర్జీ పని

జపాన్ కళాకారిణి అత్సుకో తనాకా 1956లో ప్రదర్శించిన ‘విద్యుత్ వస్త్రం’ రంగులు పూసిన బల్బులతో, గొట్టపు దీపాలతో నిండి 50 కిలోలకు పైగా తూగేది. దానిని ధరించినవారు గోడకున్న కరెంటుకు తీగతో కట్టుబడి, కదలడానికే కష్టపడవలసివచ్చేది. నేడు అదే పనిని మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటరు, ఒక ఎల్‌ఈడీ పట్టీ, జేబులో పట్టే బ్యాటరీ కలిసి సునాయాసంగా చేస్తున్నాయి. బరువు తగ్గింది గాని, వాటిని బట్టకు జిగురుతో అంటించి వదిలేసే అలవాటు పోలేదు. వేదికపై నృత్యం మధ్యలో దీపాలు ఆరిపోవడానికి తరచుగా కారణం ప్రోగ్రాం కాదు, కుట్టు.

ఎక్కువగా వాడే డబ్ల్యూఎస్2812బి రకం పట్టీలో ప్రతి దీపానికీ ఒక చిన్న నియంత్రణ చిప్ ఉంటుంది; తనకు చెందిన 24 బిట్ల సమాచారాన్ని, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్లను, అది ఉంచుకుని మిగిలినదాన్ని పక్క దీపానికి అందిస్తుంది. అందువల్ల మోచేతి దగ్గర ఒక్క టంకపు అతుకు ఊడినా ఆ తరువాతి దీపాలన్నింటికీ ఆదేశం అందదు. పైగా పట్టీ చుట్టుకునే దిశలో వంగుతుంది గాని పక్కకు వంగదు. కాబట్టి దానిని కీళ్ల మీదుగా పోనీయకుండా గుండీల పట్టీ వెంటో అంచు మడతలోనో నడిపి, కీలు వచ్చినచోట మెత్తని బహుపోగుల తీగను దర్జీలు చెప్పే ‘లూజు’తో వదలాలి. ఈ లెక్క దర్జీ చేతిలోనే ఉంది.

విద్యుత్తు లెక్క మాత్రం వేరు. పూర్తి తెలుపులో ఒక్కొక్క దీపం దాదాపు 60 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది గనుక 60 దీపాలకు 3.6 యాంపియర్లు కావాలి. చాలా పవర్‌బ్యాంకులు అంత ఇవ్వలేవు. చీకటి వేదికకు నాలుగో వంతు వెలుగు చాలు, ప్రోగ్రాంలోనే ఆ హద్దు పెట్టవచ్చు. లిథియం బ్యాటరీని చెమట తగలని, క్షణంలో లాగి తీయగల పై జేబులోనే ఉంచాలి.

తీగలకు బదులు విద్యుత్తు ప్రసరించే దారంతో కుట్టే మరో పద్ధతికి భారతీయ నేతతో నిజమైన బంధుత్వం ఉంది. ఎంఐటీ పరిశోధకులు 2000లో వెలువరించిన ‘ఈ-బ్రాయిడరీ’ పత్రంలో పట్టుపోగు చుట్టూ లోహపు రేకు చుట్టిన భారతీయ ఆర్గాంజా బట్టను విద్యుత్ వాహకంగా వాడిన తీరు వివరించారు. అది జరీ సూత్రమే. సూదితో కుట్టడానికి అంచున రంధ్రాలున్న లిలీప్యాడ్ అనే మైక్రోకంట్రోలర్ బోర్డు 2007లో వచ్చింది. అయితే ఇలాంటి దారానికి రాగితీగ కంటే నిరోధం ఎక్కువ కనుక అది కొద్ది దీపాలకే సరిపోతుంది, పట్టీ భారాన్ని మోయలేదు.

ఇలాంటి దుస్తులకు రెండు నైపుణ్యాలూ కావాలి గాని, ఐటీఐలలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, సూయింగ్ టెక్నాలజీ వేర్వేరు ట్రేడ్లు. ఈ రెండు తరగతుల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్క జాకెట్టునైనా కలిసి తయారుచేయాలి. దీపాలను, బోర్డును ప్రెస్ బటన్లు విప్పి తీసి, బట్టను ఉతికి ఆరబెట్టి, టంకపు కడ్డీ పట్టకుండానే తిరిగి తగిలించడం దానికి మొదటి పరీక్ష కావాలి.