ఎవరి అర్థం వారిదేనా?

రాక్ పాటల గురించి మాట మొదలైతే చాలు, ఎవరో ఒకరు అననే అంటారు: "పాటకి ఎవరి అర్థం వారిది." వినడానికి ఎంత ఉదారంగా ఉంటుందో! నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఒకప్పుడు ఆ మాట చాటున దాక్కున్నవాణ్ణే నేనూ.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఒకమ్మాయికి పాటల సీడీ చేసిచ్చాను. మొదటి పాట పోలీస్ బ్యాండ్ వాళ్ళ 'ఎవ్రీ బ్రెత్ యు టేక్'. 1983 నాటిది. మెత్తటి గిటార్, జోకొట్టే ట్యూన్. ఇంతకన్నా గొప్ప ప్రేమ పాట లేదనుకున్నాను. రెండ్రోజుల తర్వాత సీడీ తిరిగిచ్చేస్తూ అడిగింది: "ఇందులో వాడు ఆ అమ్మాయిని వదలకుండా కనిపెడుతున్నాడు కదా. నీకు భయం వెయ్యలేదా?"

"అది నీ అర్థం. నాకది ప్రేమ," అన్నాను, పెద్ద తెలివిగా. తనింక నాతో మాట్లాడలేదు.

స్టింగ్ ఆ పాట రాసింది మొదటి పెళ్ళి విచ్ఛిన్నమవుతున్న రోజుల్లో. అది అసూయ గురించీ, నిఘా గురించీ అని తనే చెప్పాడు. ఆ అమ్మాయికి ఇవేవీ తెలియవు. మాటలు శ్రద్ధగా విన్నదంతే. నేను ట్యూన్ విని ఊరుకున్నాను.

నాదంటే కుర్రతనం. పెద్దలు చేసిందేమిటి? స్ప్రింగ్‌స్టీన్ 'బార్న్ ఇన్ ద యుఎస్ఏ' (1984) వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి గోడు. పల్లవి పిడికిలి బిగించి అరిచేలా ఉంటుంది. బతుకంతా చరణాల్లో ఉంది. జనం పల్లవి పట్టుకుని జెండాలు ఊపారు. ఆ సెప్టెంబర్లో ఎన్నికల ప్రచారంలో ఉన్న రీగన్, న్యూజెర్సీ సభలో స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశాసందేశం ఉందని మెచ్చుకున్నాడు. చరణాల్లోని మనిషి ఏమైపోయినట్టు?

"అయితే రాసినవాడి మాటే వేదమా?" అంటారు. కాదు. 'లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్' (1967) తన కొడుకు జూలియన్ వేసిన బొమ్మలోంచి పుట్టిందనే లెనన్ చెబుతూ వచ్చాడు. అందులో ఎల్‌ఎస్‌డీ ఛాయ ఉందని మెకార్ట్నీ తర్వాత ఒప్పుకున్నాడు. రాసినవాళ్ళు చెప్పేది కూడా ఒక సాక్ష్యమే, తీర్పు కాదు.

బళ్ళో పద్యానికి ప్రతిపదార్థం తప్పితే మాస్టారు బెంచీ ఎక్కించేవారు. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం స్వేచ్ఛాజీవులం! నేనడిగేది ఒక్కటే. అర్థం మీదే కానివ్వండి, కానీ పాటలోని ప్రతి లైనుకీ అది జవాబు చెప్పాలి. ఒక్క చరణం అడ్డొచ్చినా మార్చుకోవాల్సింది మన అర్థాన్నే. అలా మార్చుకోలేనివాడు వింటున్నది పాటని కాదు, తన గొంతునే.

ఆ పాట ఇప్పటికీ వింటాను. ట్యూన్ ఇప్పటికీ అంతే బావుంటుంది. తను ఎందుకు భయపడిందో ఇప్పుడు తెలుస్తుంది. తనకి భయం వేసింది పాటని చూసి మాత్రమే కాదేమో.