పిండితొట్టి అడుగున

గతమాసమున మా వారికి జీతము 18 దినములు జాగయ్యెను. బియ్యపుడబ్బా అడుగు కనబడుచుండగా వాకిట నొక బంధువు దిగెను. మా మొగము చిన్నవోయెను; దాచనేల? ఆ రాత్రి రాజులు మొదటి గ్రంథము 17వ అధ్యాయము తెఱచితిమి.

సారెపతు విధవరాలు పుల్ల లేరుకొనుచుండెను. ఇంట చారెడు పిండియు, కొద్దిపాటి నూనెయు మాత్రమే మిగిలినవి. తానును కుమారుడును అది తిని చావవలసినదే యనుకొనెను. ఏలీయా ముందుగా తనకొక చిన్నరొట్టె యడిగెను. ఎంత కఠినమైన కోరికయో తల్లులకే తెలియును! అయినను ఆమె పెట్టెను. పిమ్మట తొట్టి నిండెనని గ్రంథమున లేదు. వాన కురియువఱకు పిండి తఱుగలేదనియే యున్నది. ఈ భేదమును మేమిన్నాళ్లు గమనింపలేదు.

మఱునాడు డబ్బా మూత తీయుటకు మా చేయి వెనుదీయలేదు. బంధువు మఱి రెండు దినము లుండెను.