కలిసిపొమ్మనే ముందు కడుపు నింపండి

‘వలస వచ్చినవారు మాలో కలిసిపోవాలి’ అన్నది నేడు ఐరోపా సంక్షేమ రాజ్యాల నినాదం. వచ్చిన దేశపు భాషను, చట్టాలను నేర్చుకోవడం మంచిదే. అయితే ఆ నేర్పు కుటుంబాన్ని చేరడానికి, కూడు పొందడానికి షరతుగా మారినప్పుడు ప్రశ్నించక తప్పదు.

నెదర్లాండ్స్‌లోని జీవిత భాగస్వామిని చేరాలంటే 2006 నుంచి స్వదేశంలోనే డచ్చి భాషా పరీక్ష నెగ్గాలి. మొరాకో పౌరులకు అది తప్పదు. అమెరికా, జపాన్ పౌరులకు మినహాయింపు. జర్మనీ 2007లో ఇటువంటి షరతే విధించింది. బ్లూ కార్డుపై వెళ్ళిన ఇంజనీరు భార్యకు మాత్రం అది వర్తించదు. అంటే గుంటూరు ఐటీ ఉద్యోగి ఇల్లాలికి తెరిచే తలుపు, గిడ్డంగి కూలీ ఇల్లాలికి మూసుకుంటుంది. డెన్మార్క్ 2015లో కొత్తవారి భృతిని తగ్గించింది. 2019 నుంచి పౌరసత్వానికి అధికారితో కరచాలనం తప్పనిసరి చేసింది. పరస్త్రీ, పరపురుష స్పర్శకు దూరంగా ఉండే ముస్లింలే ఈ నిబంధన గురి అని ఎవరికి తెలియదు?

ఈ ప్రశ్న అడిగే నైతిక హక్కు మనకుండాలంటే మన మిరప చేల వైపూ చూడాలి. ఏటా పత్తి తీతలకు, మిరప కోతలకు ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ‘సుగ్గి’కి గుంటూరు, ప్రకాశం పల్లెలకు తరలివస్తాయి. వారిదీ మన భాషే, మన రాష్ట్రమే. వారికి ఏ పరీక్షా అక్కరలేదు. అయినా చేల గట్ల మీది గుడారాలే వారి ఇళ్ళు. పిల్లల చదువు నడుమనే ఆగుతుంది. 1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటినవారికే వర్తించేది. జిల్లా దాటినవారిని అది పట్టించుకోలేదు. భాష ఒక్కటైనా వీరు ఊరివారు కాలేకపోయారంటే, అడ్డుగోడ భాష కాదని తేలిపోయింది. హక్కులు అందనిచోట కలయిక మాటలకే పరిమితం.

బదిలీ పత్రం ఆలస్యమైందన్న సాకుతో బిడ్డకు ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం శాసిస్తోంది. కనుక ఈ కోతల కాలంలో మన మసీదు కమిటీలు, యువజన సంఘాలు మతం అడగకుండా గుడారం గుడారానికీ వెళ్ళాలి. పిల్లల పేర్లు రాసి దగ్గరి బడిలో చేర్పించాలి. రేషన్ అందని ఇళ్ళ తరఫున తహసీల్దారుకు అర్జీ పెట్టాలి. మన ఊరికి వచ్చిన పరాయివాడికి న్యాయం చేసిననాడే, పరాయి దేశంలో మన బిడ్డలకు న్యాయం కోరే మన గొంతుకు బలం చేకూరుతుంది.