చివరి రంగుకు ముందు

లినోలియం పలకపై చెక్కి పలు రంగులలో చిత్రాన్ని అచ్చు వేసే పనిని మన విద్యార్థులు ఈ సంవత్సరం చేపట్టారు. నలుపు ఒక్కటి మిగిలి ఉన్నది. వార్షికోత్సవ ప్రదర్శన దగ్గరపడినందున ఆ నలుపును రెండు రోజులలో ముగించి, పన్నెండు ప్రతులనూ గోడకు తగిలించాలని కొందరు పెద్దలు సూచించారు. వారి ఆదరానికి కృతజ్ఞుడనే గాని, ఆ సూచనతో ఏకీభవించలేను.

అవిసె నూనె, కార్కు పొడి కలిపి గోనెబట్టపై పరచి చేసే లినోలియంకు ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆంగ్లేయుడు 1863లో పేటెంటు పొందాడు. నేలపై పరచుటకై పుట్టిన వస్తువది. 1930లో నందలాల్ బోస్ దండి యాత్ర సందర్భంగా గాంధీజీ రూపాన్ని దానిపై చెక్కినప్పుడు నలుపు ఒక్కటే సరిపోయింది. పలు రంగుల సంగతి వేరు. మన పెడన కలంకారీ అద్దకంలో రంగు రంగుకూ వేరు దిమ్మ ఉంటుంది. ఒకటి చెడితే మరొకటి చెక్కించుకోవచ్చు. పికాసో 1950ల చివర చేపట్టి ప్రసిద్ధికి తెచ్చిన పద్ధతిలో దిమ్మ ఒక్కటే. లేత రంగు అచ్చు వేసిన పిదప, ఆ రంగు నిలువవలసిన చోట్లు చెక్కివేసి, అదే దిమ్మపై ముదురు రంగు వేయాలి. చెక్కినది తిరిగి రాదు. కావలసిన ప్రతుల సంఖ్యను మొదటి రోజుననే నిర్ణయించుకోవాలి. తరువాత ఒక్కటి కూడా పెంచే వీలు లేదు.

విద్యార్థులు ఎన్నుకొన్నది నారాయణపక్షిని. (ఉర్దూ శాఖ పిల్లలూ దానిని ఆ పేరుతోనే పిలుస్తున్నారు, జహంగీరు ఆస్థానంలో సైబీరియా కొంగను చిత్రించిన ఉస్తాద్ మన్సూర్ వారికి గుర్తుండే ఉంటాడు.) ఇది తెలివైన ఎన్నిక. ఆ పక్షి రంగులు లేత నుండి ముదురుకు మెట్లుమెట్లుగా దిగుతాయి. తలకు, మెడకు కాగితపు తెలుపే చాలును. ముక్కుకు పసుపు, ఒంటికి బూడిద రంగు, రెక్క అంచుకు ముదురు బూడిద. పసుపును దిమ్మ అంతటా పూస్తే దానిపై వచ్చే బూడిద పచ్చబారుతుంది గనుక ముక్కు ఉన్న చోట మాత్రమే పూశారు. ఆ ఆలోచన వారిదే. ఇక కంటి మీదుగా వెనుకకు సాగే జుట్టు, మెడపై చుక్కల వరుస, భుజంపై మచ్చ, కంటిపాప నలుపుతో రావాలి. అంతవరకు అది నీటిలో నిలిచిన బూడిద మరక మాత్రమే.

నూనె సిరా ఆరుటకు ఒక్కొక్క రంగుకు కొన్ని రోజులు పడుతుంది. తేమ ఉంటే ఇంకా ఎక్కువ. తడి బూడిదపై నలుపు సరిగా పట్టదు. రోలరుపై సిరా మందమైతే మెడ దగ్గరి సన్నని చెక్కుళ్ళు పూడిపోతాయి. కాగితం అగ్గిపుల్ల మందమంత జరిగినా కంటిపాప కన్ను దాటిపోతుంది.

పన్నెండు కాగితాలలో అయిదింటిపై రెండవ బూడిద ఇప్పటికే పక్కకు జరిగి పడింది. వాటిని కుంచెతో సరిదిద్ది గోడకెక్కించవచ్చునని ఒక వాదం. కుంచెతో దిద్దినది అచ్చు కాదు, దాని కింద అచ్చు ప్రతి అని సంఖ్య వేయడం చూడవచ్చినవారిని మోసగించడమే. ఆ అయిదూ వ్యర్థం కూడా కావు. నలుపు ఎంత పలుచగా ఉండాలో, ఎంత ఒత్తిడి కావాలో ముందు వాటిపైనే పరీక్షించాలి. చేయి కుదిరిన పిదప మిగిలిన ఏడింటికి నలుపు వేయాలి. వాటి కింద పెన్సిలుతో వ్రాయవలసినది ఏడింటి లెక్కే గాని పన్నెండింటి లెక్క కాదు.

కళాశాల సంఘం వారికి నా విన్నపం ఇది. ప్రదర్శనను రెండు వారాలు వెనుకకు జరపండి. అది వీలుకాకపోతే నలుపు పడని ప్రతులనే అలాగే చూపండి. కాగితాలు ఆరేవరకు చిత్రలేఖనం గది తాళం విద్యార్థుల వద్దనే ఉండనివ్వండి. పరీక్షల పేరిట ఆ గదిలో బల్లలు వేయించకండి. పని ముగిసిన తరువాత, చెక్కగా చెక్కగా కొద్దిపాటి గీతలు మాత్రమే మిగిలిన ఆ దిమ్మను కూడా ఏడు ప్రతుల ప్రక్కనే గోడకు పెట్టించండి.